హోల్మియం గదిలో రెండు డబ్బాలు

“నాలుగింటికి దొంగని తీసుకెళ్ళిపోతాను మేడమ్. ఈలోగా మీరేం తవ్వుకుంటారో తవ్వుకోండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, చేతి గడియారం ఆమె ముక్కు ముందు ఆడిస్తూ. అప్పటికి ఒంటిగంటా నలభై అయింది.

“రెండు గంటల ఇరవై నిమిషాలు. చాలా ఎక్కువే ఇచ్చారండీ, థాంక్స్,” అంది ఆమె.

“వెటకారమా?”

“అయ్యో, నిజంగానే. కిందటి కేసులో గంట కూడా ఇవ్వలేదు మీరు.”

ఇన్‌స్పెక్టర్ ముఖం మాడిపోయింది. కిందటి కేసులో ఆ కాస్త టైములోనే ఆమె అసలు దొంగని పట్టుకొచ్చి ఆయన టేబుల్ ముందు కూర్చోబెట్టింది. తాను పట్టుకున్నవాడికి ఆయన క్షమాపణ చెప్పి మరీ ఇంటికి పంపాల్సి వచ్చింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

ఆమెది ప్రైవేట్ డిటెక్టివ్ పని. వయసు యాభై. ఎరిగినవాళ్ళంతా ఆమెని భూతద్దం అంటారు. తమాషా ఏమిటంటే ఆమె సంచీలో భూతద్దం అన్న వస్తువే ఉండదు. ఉన్నవల్లా రెండు కళ్ళు. ఆ రెండు కళ్ళూ ఈ ఫ్యాక్టరీలో ఒకాయన పెట్టిన భిక్ష అని ఎవరడిగినా, అడగకపోయినా చెబుతుంది.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఆమె ఇక్కడే ల్యాబులో అసిస్టెంటు. ఒక పొద్దున యాసిడ్ సీసా పగిలి ముఖమంతా చిమ్మింది. అందరూ కేకలు పెడుతూ అటూ ఇటూ పరిగెడుతుంటే షిఫ్టు ఇంజనీరు ఒకాయన మాత్రం ఆమెని రెక్క పట్టి లాక్కెళ్ళి పంపు కింద వంచాడు. ఆమె గింజుకుంది, తిట్టింది, ఆయన చెయ్యి కొరికింది కూడా. ఆయన వదల్లేదు. గడియారం చూసుకుంటూ సరిగ్గా అరగంట కడిగాడు. ఐదు నిమిషాలు ముందు ఆపి ఉంటే చూపు దక్కేది కాదని డాక్టరు తర్వాత చెప్పాడు. ఆ ఇంజనీరే ఇప్పుడు ఈ ఫ్యాక్టరీకి డైరెక్టరు. పనివాళ్ళందరికీ పెద్దాయన. ఆమెకి మాత్రం అప్పుడూ ఇప్పుడూ అన్నయ్య.

నిన్న ఆ అన్నయ్యే ఫోన్ చేశాడు. “అమ్మాయ్, స్టోర్లో దొంగతనం జరిగింది. మనిషి దొరికాడు, సాక్షి కూడా ఉన్నాడు. కానీ బోర్డు వాళ్ళు బయటి మనిషి చేత ఒకసారి చూపించమంటున్నారు. నువ్వొచ్చి చూసి ఒక సంతకం పెట్టి వెళ్ళు,” అన్నాడు. ఆమె సంతోషం అంతా ఇంతా కాదు. ఇన్నేళ్ళకి ఆయన నోరు తెరిచి తనని ఒక పని అడిగాడు. ఫీజు మాట ఎత్తితే ఊరుకోనని ముందే దబాయించింది.

పోయింది పాతిక కిలోల హోల్మియం ఆక్సైడు. అరుదైన లోహపు పొడి. దాని డబ్బా దాని చోటే ఉంది, బరువు కూడా సరిగ్గానే ఉంది. లోపల మాత్రం హోల్మియం బదులు పక్క డబ్బాల్లో ఉండే చవక రకం, ఎర్బియం ఆక్సైడు ఉంది. ఆఫీసర్లని పక్కన పెడితే స్టోరు తాళంచెవి ఉన్నది ఒక్క పనివాడి దగ్గరే. అతన్ని చేతులు కట్టేసి కాదు గానీ దాదాపు అంత పనీ చేసి, బట్టలు మార్చుకునే గదిలో ఉంచారు.

ఆమె ఆ గదిలోకి వెళ్ళేసరికి ఒంటిగంటా నలభై ఐదు. బెంచీ చివర ఒక మనిషి నిలబడే ఉన్నాడు. అరవైకి దగ్గర పడిన వయసు.

“కూర్చోండి మామా,” అందామె. ఫ్యాక్టరీ అంతా అతన్ని కిటికీ మామ అనే పిలుస్తుందని గేటు దగ్గరే విన్నది.

అంత మాటకే అతని కళ్ళు చెమర్చాయి. “మూడు రోజుల్లో నన్ను కూర్చోమన్నది మీరొక్కరేనమ్మా. పదికాలాలు చల్లగా ఉండండి.”

“కిటికీ అనే పేరెందుకొచ్చింది మీకు?”

“నా పిచ్చి అలవాటు వల్లమ్మా. ఏ పొడి వచ్చినా చెంచాడు తీసి కాగితం మీద వేసుకుని వరండా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తాను. ఇరవై ఏళ్ళ నుంచీ అంతే. ఎండ వెలుగులో చూస్తే గానీ నాకు నమ్మకం కుదరదు.”

“బుధవారం పొద్దున కూడా చూశారా?”

“అందుకే కదమ్మా ఈ గతి! హోల్మియం డబ్బా మూత తీసి చెంచాడు పట్టుకెళ్ళి చూస్తే ఏముంది, గులాబీ రంగు! హోల్మియం ఎండలో లేత పసుపు. గులాబీ అయితే అది ఎర్బియం. నాకు గుండె గుభేలుమంది. తొమ్మిదింటికి పరిగెత్తుకెళ్ళి అల్లుడుగారికి చెప్పాను. పదకొండింటికల్లా నేనే దొంగనన్నారు. చూసింది నేను, చెప్పింది నేను, దొంగనీ నేనేనట! ఇదెక్కడి చోద్యమమ్మా?”

అల్లుడుగారంటే పెద్దాయన కూతురి భర్త. డిస్పాచ్ ఆఫీసరు. ఈ కేసులో సాక్షి కూడా ఆయనే.

“మంగళవారం సాయంత్రం ఆరూ పదికి ఎక్కడున్నారు?”

“స్టోర్లోనే. అబద్ధం ఎందుకు చెప్పాలి? మూతలు బిగుతుగా ఉన్నాయో లేదో చూసుకుని, తాళం వేసి, ఆరూ ఇరవై రెండుకి గేటు దాటాను. డబ్బా మాత్రం తెరవలేదు.”

ఆమె రాసుకుంది. తర్వాత పెన్సిలు పక్కన పెట్టి మెల్లగా అడిగింది. “మామా, ఒక మాట. పాతిక కిలోలంటే ఎంత పనో మీకు తెలుసా?”

అతను చిన్నగా నవ్వాడు. ఆ నవ్వులో ఏడుపుంది. “నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందమ్మా? స్టోరుకి రాకముందు తొమ్మిదేళ్ళు ఈ లోహాలు విడదీసే పెట్టెల దగ్గరే ఉన్నాను. టన్ను నల్ల ఇసుకని యాసిడ్‌లో ఉడకబెడితే అందులో హోల్మియం అరకిలో ఉంటే గొప్ప. అది కూడా ఒంటరిగా ఉండదు. ఆ జాతి లోహాలన్నీ ఒక్క కడుపున పుట్టినట్టు అంటుకుపోయి ఉంటాయి. యాసిడ్ నీళ్ళనీ నూనెలాంటి మందునీ కలిపి పెట్టెలో చిలుకుతాం. చిలకడం ఆపితే నూనె పైకి తేలుతుంది, నీళ్ళు కిందికి దిగుతాయి. హోల్మియం నూనెలోకి ఒక్క పిసరు, పిసరంటే పిసరే, పక్కదానికన్నా ఎక్కువో తక్కువో ఎక్కుతుంది. ఆ పిసరు కోసం పక్క పెట్టెలో మళ్ళీ చిలకాలి. దాని పక్కదాంట్లో మళ్ళీ. అలా వందల పెట్టెలు దాటితే గానీ అది విడిపడదు. ఆక్సాలిక్ యాసిడ్ పోస్తే ముద్దగా దిగుతుంది, కొలిమిలో కాలిస్తే పొడి అవుతుంది. ఆ పొడిని ఇంకో దారిన తిప్పి కాల్షియంతో కరిగిస్తే వెండిలా మెరిసే మెత్తటి లోహం. దానంత అయస్కాంత బలం ఉన్నది ఇంకోటి లేదని పెద్దాయనే చెప్పారు నాకు.”

“అంత విలువైంది కాబట్టే తీశారంటున్నాడు ఇన్‌స్పెక్టరు.”

కిటికీ మామ లేచి నిలబడ్డాడు. “మా ఆవిడకి కిడ్నీలో రాళ్ళు పడి మెలికలు తిరిగిపోయిందమ్మా. లేజర్ పెట్టి పగలగొట్టారు. ఆ లేజర్ లోపల ఏముందని అడిగాను డాక్టర్ని. హోల్మియం అన్నాడు. నా చేత్తో తోడిన పొడి వెళ్ళి మా ఆవిడని బతికించిందని ఆ రోజు నేను వచ్చి ఆ పెట్టెలకి దణ్ణం పెట్టాను. అందరూ నవ్వారు. అలాంటిది నేను తీస్తానా?”

రుణపడ్డ మనిషి మాట ఎలా ఉంటుందో ఆమెకి వేరే ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ డిటెక్టివుకి అది సాక్ష్యం కాదు.

“ఈ మధ్య కిటికీ పరీక్ష చెయ్యలేదా? బుధవారమే ఎందుకు చేశారు?”

“మూడు వారాల కింద నోటీసు అంటించారమ్మా. నమూనాలు స్టోరు దాటి బయటికి తీసుకెళ్ళకూడదు, పొడి ఒలికిపోతోంది అని. సంతకం లేదు. పైనుంచి వచ్చిందన్నారు. మూడు వారాలు చేతులు కట్టుకున్నాను. బుధవారం ఇక ఆగలేకపోయాను.”

అల్లుడుగారి గది చల్లగా, పరిమళంగా ఉంది. సమయం రెండూ ఇరవై. ఇన్‌స్పెక్టర్ అప్పటికే అక్కడ కాలు మీద కాలు వేసుకుని టీ తాగుతున్నాడు.

“రండి ఆంటీ, కూర్చోండి,” అన్నాడు అల్లుడుగారు. ముప్పై ఐదేళ్ళుంటాయి.

“మీ మామగారికి నేను చెల్లెల్ని బాబూ. వరస కలపాలనుకుంటే పిన్ని అనాలి. వద్దులెండి, మేడమ్ అనండి చాలు.”

ఇన్‌స్పెక్టర్‌కి టీ పొలమారింది.

“మంగళవారం ఏం చూశారో చెప్పండి,” అందామె.

“ఎన్నిసార్లు చెప్పాలి? రోజూ సాయంత్రం స్టోరు దాకా వెళ్ళి ఒక చూపు చూసొస్తాను. మంగళవారం ఆరూ పదికి వెళ్ళాను. తలుపు జానెడు తెరిచి ఉంది. లోపల రెండు డబ్బాలు మూతలు తీసి పక్కపక్కనే ఉన్నాయి. మామ హోల్మియం డబ్బాలోంచి సంచీలోకి తోడుతున్నాడు. నేను చప్పుడు చెయ్యకుండా వచ్చేశాను.”

“అది హోల్మియం డబ్బా అని ఎలా తెలిసింది? లేబుళ్ళు మీ వైపు తిరిగి ఉన్నాయా?”

“లేవు, గోడ వైపు ఉన్నాయి.”

“మరి?”

“రంగు! ఒక డబ్బాలో గులాబీ పొడి, పక్కదాంట్లో పసుపు పొడి. మామ చెయ్యి పసుపు డబ్బాలో ఉంది. చంటిపిల్లాడైనా చెబుతాడు.”

“స్పష్టంగా చూశారా? తర్వాత మాట మారిస్తే మీకే ఇబ్బంది.”

“పక్కపక్కన పెట్టుకుని చూసినంత స్పష్టంగా.”

“లైట్లు వెలుగుతున్నాయా?”

“ఆ గదికి కిటికీ లేదు కదా మేడమ్. లైట్లు వెయ్యకపోతే ఎలా కనిపిస్తుంది?”

“మంచిది. ఇప్పుడు చెప్పినదంతా మీ చేత్తోనే రాసి సంతకం పెట్టండి. రంగుల మాటతో సహా.”

అతను ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ భుజాలు ఎగరేసి, “రాసెయ్యండి సార్, ఆవిడ ముచ్చట తీరుతుంది,” అన్నాడు. అతను రాశాడు. ఆమె ఆ కాగితం మడిచి సంచీలో పెట్టుకుంటూ అతనికి కూడా థాంక్స్ చెప్పింది. అప్పటికి ఆమెకి అతని మీద ప్రత్యేకించి అనుమానమేమీ లేదు. సాక్ష్యం నిలబడేలాగే ఉంది.

స్టోరు గది వరండా చివర ఉంది. కిటికీ మామ కిటికీ నుంచి లెక్కపెడితే పన్నెండు అడుగులు. రెండూ యాభైకి ఆమె తలుపు తీసి, స్విచ్చి వేసి, గడప మీదే ఆగిపోయింది. తల పైకెత్తి అలాగే ఉండిపోయింది.

“ఏంటి మేడమ్, సాలెగూళ్ళు లెక్కపెడుతున్నారా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి.

“ఈ గదిలో బల్బులు ఉండేవి. పసుపు వెలుగు బల్బులు.”

“ఇప్పుడు ట్యూబులైట్లు ఉన్నాయి. ప్రపంచం ముందుకెళ్తోంది. అరెస్టు వారంట్లో ఆ సంగతి కూడా రాయమంటారా?”

ఆమె లోపలికి వెళ్ళి రెండు డబ్బాల మూతలూ తీసింది. లేబుల్ మీద హోల్మియం అని ఉన్న డబ్బా, ఎర్బియం అని ఉన్న డబ్బా. రెంటిలోనూ ఒకే గులాబీ పొడి. అదీ సహజమే, రెంటిలోనూ ఉన్నది ఎర్బియమే కనుక. అసలు హోల్మియం కావాలి ఇప్పుడు. ఎక్కడుంటుంది? ఆమె నుదురు కొట్టుకుంది. ఈ ఫ్యాక్టరీలో తయారైన ప్రతి సరుకులోంచీ ఒక చిన్న సీసాడు తీసి, సీలు వేసి, ల్యాబు బీరువాలో ఐదేళ్ళు దాస్తారు. తన రోజుల్లో ఆ సీసాలకి చీటీలు అంటించింది తనే.

పది నిమిషాల్లో సీసా వచ్చింది. సీలు అలాగే ఉంది, మీద తారీకు ఉంది, సంతకాలున్నాయి. ఆమె వరండా కిటికీ దగ్గర నిలబడి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టింది.

“ఏం రంగు?”

“పసుపు. లేత పసుపు. నేనేమీ గుడ్డివాణ్ణి కాదు.”

“చేతిలోంచి వదలకుండా పన్నెండు అడుగులు వెయ్యండి. స్టోర్లోకి వెళ్ళి చూడండి.”

ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూ వెళ్ళాడు. ట్యూబులైటు కింద సీసా పైకెత్తాడు. ఆయన నోరు తెరుచుకుంది, మూతపడలేదు. చేతిలోని పొడి గులాబీ రంగులో ఉంది. పక్కనున్న ఎర్బియానికీ దానికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఆయన పరుగులాంటి నడకతో కిటికీ దగ్గరికి వచ్చాడు. పసుపు. మళ్ళీ స్టోర్లోకి వెళ్ళాడు. గులాబీ. మూడోసారి కూడా వెళ్ళొచ్చాడు. అంత పెద్ద మనిషి, కొత్త బొమ్మ దొరికినట్టు!

“ఏంటిది? మంత్రమా?”

“మంత్రం కాదండీ, దాని గుణం. ఎండలో అన్ని రంగుల వెలుగూ ఉంటుంది. ఈ రకం ట్యూబుల్లో మూడు రంగులే గట్టిగా ఉంటాయి. అందులో కొంత వెలుగుని హోల్మియం మింగేస్తుంది. మిగిలింది మన కంటికి గులాబీగా కనిపిస్తుంది. పాత బల్బుల కింద అయితే పసుపుగానే ఉంటుంది.”

“మీకెలా తెలుసు ఇవన్నీ?”

“అన్నయ్య నేర్పాడు. నా కళ్ళకి కట్టు విప్పిన వారం ఇలాంటి సీసానే పట్టుకొచ్చాడు ఆస్పత్రికి. కిటికీ దగ్గర ఒకసారి, నడవాలో ట్యూబులైటు కింద ఒకసారి చూపించి, రంగులు పట్టుకోగలుగుతున్నావా లేదా చెప్పు అమ్మాయ్ అన్నాడు. పసుపు, గులాబీ అని చెప్పగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సాయం ఎలా తీర్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలీదు.” చెబుతూ చెబుతూ ఆమె నవ్వింది. తానేం బయటపెడుతున్నదో ఆమెకి ఆ నిమిషంలో తట్టలేదు.

ఇన్‌స్పెక్టర్ తేరుకున్నాడు. ఓడిపోవడానికి ఆయనకి అంత తొందరేమీ లేదు. “హోల్మియం పసుపని అందరికీ తెలుసు. అల్లుడుగారు ఆ అలవాటులో పసుపని ఉంటాడు. అంతమాత్రాన మామ దొంగ కాకుండా పోతాడా?”

“ఒక్క రంగే చెప్పి ఉంటే మీ మాట ఒప్పుకునేదాన్ని. రెండు రంగులు చెప్పాడు. లేబుళ్ళు కనబడలేదు, రంగు తేడా చూసే ఏ డబ్బానో గుర్తుపట్టానన్నాడు. స్వయంగా రాసిచ్చాడు కూడా. ఈ గదిలో, ఈ లైట్ల కింద రెండు డబ్బాలు పక్కపక్కన పెడితే మీరు చెప్పగలరా ఏది ఏదో?”

ఆయన రెండు డబ్బాలకేసీ చూశాడు. చేతిలోని సీసాకేసి చూశాడు. “లేదు,” అన్నాడు, పన్ను పీకించుకున్నట్టు.

“మంగళవారం అతను ఇక్కడికి రానే లేదు. ఈ ట్యూబులు పెట్టాక అసలు ఈ గదిలో అడుగే పెట్టలేదు. అతనికి తెలిసింది పాత బల్బుల కింది హోల్మియం. పసుపుది. అప్పుడే చూశాడు, అప్పుడే తీశాడు. లేకపోతే ఇంకొకరి మీద ఇంత అబద్ధం కట్టే అవసరమేముంది? ఆ కాస్తా తెలియక పప్పులో కాలేశాడు.”

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి తల గోక్కుని మళ్ళీ పెట్టుకున్నాడు. “నేను అతని దగ్గరికి వెళ్తున్నాను. దారిలో ఆ ముసలాయన్ని వదిలేస్తాను. ఈ లైట్లు ఏ రోజు మార్చారో మీరు కనుక్కోండి. నాకు తారీకు కావాలి.” రెండు అడుగులు వేసి ఆగాడు. “మేడమ్, ఈసారి నా పరువు నిలబెట్టారు. తప్పుడు మనిషిని జీపెక్కించి ఉంటే…” మాట పూర్తి చెయ్యకుండానే వెళ్ళిపోయాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద కృతజ్ఞత ఎవరూ విని ఉండరు.

ఎలక్ట్రీషియన్ గది మెట్ల కింద ఉంది. అతను పాత మోటారు ఒకటి విప్పుకుని కూర్చున్నాడు. మూడూ ఇరవై ఐదుకి ఆమె అడిగిన పుస్తకం తీసి దుమ్ము దులిపి ఇచ్చాడు.

“స్టోరు లైట్లా? సరిగ్గా ఇరవై మూడు రోజులైందమ్మా. ఆ పని నాకు బాగా గుర్తు. ప్రాణం తీశారు.”

“ఎందుకు?”

“ఒక రకం ట్యూబు పెట్టాను, ఇది కాదన్నారు. ఇంకో రకం పెట్టాను, అదీ కాదన్నారు. మూడో రకం పెట్టాక గానీ ఒప్పుకోలేదు. చేతిలో ఏదో చిన్న సీసా పట్టుకుని, నిచ్చెన కింద నిలబడి, దాన్ని పైకెత్తి చూస్తూనే ఉన్నారు. వెలుగు సరిపోతుందో లేదో సీసాలో చూసేదేముంటుందమ్మా? పెద్దవాళ్ళు, మనం అడగలేం కదా.”

“ఎవరు? అల్లుడుగారా?”

“ఆయనకి ఇవన్నీ ఎక్కడ తెలుసు! పెద్దాయనే. చీటీ కూడా ఆయనే రాశారు, చూడండి.”

ఆమె చూసింది. ఆ రాత ఆమెకి తెలుసు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ రోజూ ఒక చీటీ వచ్చేది, ఈ రోజు ఎలా ఉంది అమ్మాయ్ అని. అదే వంపు, అదే పచ్చ సిరా. స్టోరులో బల్బులు తీసి ఫలానా రకం ట్యూబులు పెట్టవలెను. ఆ కింద మరో వరుస ఉంది. నమూనాలను కిటికీ వద్ద పరీక్షించుట మానవలెనని నోటీసు అంటించవలెను.

ఆమె చాలాసేపు ఆ పుస్తకం పట్టుకుని నిలబడింది. ఎలక్ట్రీషియన్ మంచినీళ్ళు ఇచ్చాడు. తాగింది. పుస్తకానికి గుచ్చిన చీటీని ఊడదీసుకుని, అతనికి థాంక్స్ చెప్పి, మెట్లెక్కింది.

మూడూ నలభైకి ఆమె పెద్దాయన గది తలుపు తట్టింది. ఆయన రిపోర్టు కాగితం సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో గుర్తు కూడా పెట్టాడు.

“రా అమ్మాయ్. అయిపోయిందా?”

ఆమె చీటీ టేబుల్ మీద పెట్టింది. ఆయన దాన్ని చూశాడు గానీ ముట్టుకోలేదు.

“ఇన్‌స్పెక్టర్‌కి ఇంకా ఇవ్వలేదు అన్నయ్యా. ముందు మీకు చూపించాలనిపించింది. అంతవరకే చెయ్యగలను.”

“వాడు తీశాడని నాకు నెల కిందట తెలిసింది,” అన్నాడాయన, కిందికి చూస్తూ. “అప్పటికే అమ్మేశాడు. మా అమ్మాయి ఏడ్చింది. కొత్త సరుకు రావడానికి రెండు నెలలు పడుతుంది. అది రాగానే చాటుగా డబ్బా నింపేద్దామనుకున్నాను. రెండే నెలలు. ఆ ట్యూబుల కింద రెండూ ఒకే రంగు కాబట్టి, అన్నాళ్ళూ ఎవరూ దాన్ని ఎండలో చూడకుండా ఉంటే చాలనుకున్నాను.”

“కిటికీ మామ చూశాడు.”

“వాడి పాడు అలవాటు!”

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం రావాలి, వస్తున్నది మాత్రం దుఃఖం. “డిటెక్టివులు ఇంకెందరో ఉన్నారు కదా. నన్నే ఎందుకు పిలిచారు?”

పెద్దాయన సూటిగా చెప్పాడు. ఆ ఒక్క విషయంలో ఆయన అబద్ధం ఆడలేదు. “నువ్వైతే నా మాట తీసెయ్యవని. అరగంట పట్టుకున్నాను నిన్ను ఆ పంపు కింద. చెయ్యి మీద నీ పళ్ళ గాట్లు ఆర్నెల్లున్నాయి. ఇన్నేళ్ళలో ఏమైనా అడిగానా నిన్ను? ఇప్పుడడుగుతున్నాను. ఆ చీటీ చింపెయ్.”

“మీరు అడిగితే నా కళ్ళు కూడా ఇచ్చేస్తాను అన్నయ్యా, అది మీకు తెలుసు. కిటికీ మామని ఇవ్వమంటే మాత్రం ఎలా ఇవ్వను? అతను నా సొత్తు కాదు.”

ఆయన ఏదో అనబోయాడు. అంతలో తలుపు దగ్గర అలికిడైంది. కిటికీ మామ. చెప్పులు బయట విడిచి, రెండు చేతులూ జోడించుకుని నిలబడ్డాడు. ముఖం కడుక్కుని వచ్చాడు, చొక్కా గుండీలు పైదాకా పెట్టుకున్నాడు. గదిలో ఏం నడుస్తున్నదో అతనికేమీ తెలియదు.

“సార్, నన్ను వదిలేశారు,” అన్నాడు. అంటూనే ఏడ్చేశాడు. “ఈ అమ్మ తేల్చేసిందట, నేను కాదని. మీరు ఈ అమ్మని పిలిపించబట్టే కదా సార్ నేను బయటపడ్డాను! బోర్డు వాళ్ళు ఎవర్ని పంపినా సంతకం పెట్టి పోయేవాళ్ళు. మీరు వెతికి వెతికి ఇలాంటి మనిషిని పిలిపించారు. ఇందాక మా ఆవిడకి ఫోన్ చేశాను. ఇంటికి తర్వాత రా, ముందు పెద్దాయనకి దణ్ణం పెట్టుకుని రా అంది. ఈ జన్మలో మీ మేలు మర్చిపోం సార్ మేము.”

అతను ముందుకొచ్చి వంగబోయాడు. పెద్దాయన ఉలిక్కిపడి కుర్చీ వెనక్కి నెట్టుకుంటూ లేచాడు.

“వద్దు. నాకు పెట్టకు.”

“అదేంటి సార్, మీకు కాక…”

“వద్దన్నానా!” అని అరిచాడు పెద్దాయన. ఆ గొంతు ఆయనది కాదన్నట్టుంది. తర్వాత టేబుల్ అంచు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఆమె వైపు ఒకసారి చూశాడు.

“స్టోర్లో లైట్లు మార్పించింది నేను,” అన్నాడు పెద్దాయన. “నువ్వు కిటికీ దగ్గరికి వెళ్ళకుండా నోటీసు పెట్టించిందీ నేనే. బుధవారం నువ్వొచ్చి మా అల్లుడికి చెప్పి వెళ్ళాక, వాడు వణుకుతూ ఈ గదికే వచ్చాడు. మంగళవారం సాయంత్రం నిన్ను చూశానని పోలీసులకి చెప్పమన్నది…” ఆయన ఆగాడు. ఆమె తల ఎత్తింది. ఇది ఆమెకి తెలియదు. దాచాడనుకుంది గానీ, ఇంత దూరం వచ్చాడనుకోలేదు. “నేనే. ఆరూ పది అన్న టైము కూడా నేనే చెప్పాను, నువ్వు ఆ వేళకి అక్కడే ఉంటావని తెలుసు కాబట్టి. రంగుల మాట ఒక్కటే వాడు సొంతంగా కలిపాడు, వెధవ.”

కిటికీ మామ జోడించిన చేతులు అలాగే ఉన్నాయి. దించాలని కూడా తోచలేదతనికి. “మీరా సార్?” అన్నాడు. ఇంకోసారి, ఇంకా మెల్లగా, “మీరా?” అన్నాడు.

నడవాలో బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ తలుపు తోసుకుని వచ్చాడు, నుదుటి మీద చెమట. “అతను ఒప్పుకున్నాడు మేడమ్. కానీ ఒకటే పాట పాడుతున్నాడు, అంతా మామగారికి తెలుసు, మామగారే చెప్పించారని. అది నిజమేనా? తారీకు దొరికిందా?”

ఆమె చెయ్యి చీటీ దాకా వెళ్ళి ఆగిపోయింది. పెద్దాయనే ఆ చీటీ తీసి, మడత సరిచేసి, టేబుల్ మీదుగా ఇన్‌స్పెక్టర్ చేతికి అందించాడు.

“ఆ అమ్మాయిని అడగకండి,” అన్నాడు. “నేను చెబుతాను, రాసుకోండి.”

ఇన్‌స్పెక్టర్ చదివాడు. మళ్ళీ చదివాడు. గోడ గడియారం నాలుగు కొట్టింది. ఆయన ఆమె వైపు తిరిగి, ఆ రోజంతటిలో మొదటిసారి వెటకారం లేకుండా మాట్లాడాడు. “వాంగ్మూలం తీసుకోవాలి. మీరు కాసేపు బయట కూర్చోండి మేడమ్. మీకు కష్టంగా ఉంటుంది.”

“పర్వాలేదండీ,” అంది ఆమె. కళ్ళు తుడుచుకుని, గోడ పక్కనున్న కుర్చీ లాక్కుని వచ్చి, అన్నయ్య పక్కన వేసుకుని కూర్చుంది.